రొయ్య పిల్లల హ్యాచరీలో కరెంటు, వేడి ఒకే ఇంజన్ నుంచి: కంట్రోల్ అల్గారిథమ్‌ను పరీక్షించే పద్ధతి

కొత్తపట్నం నుంచి మైపాడు దాకా తీరం వెంట ఉన్న వెనామీ రొయ్యల హ్యాచరీలకు రెండు అవసరాలు పగలూ రాత్రీ ఉంటాయి. ఒకటి ట్యాంకుల్లోకి గాలి ఊదే బ్లోయర్లకు కరెంటు. రెండోది, చలికాలంలో లార్వా ట్యాంకుల నీళ్ళు చల్లబడకుండా వేడి. ఈ రెండింటినీ ఒకే గ్యాస్ ఇంజన్‌తో తీర్చవచ్చు. జనరేటర్ కరెంటు ఇస్తుంది, ఇంజన్ జాకెట్ నుంచీ పొగగొట్టం నుంచీ పోయే వేడిని నీళ్ళలోకి పట్టి ట్యాంకులో దాచుకుంటాం. చిక్కల్లా ఎక్కడంటే, కరెంటు కావాల్సిన వేళకు వేడి అక్కర్లేదు, వేడి కావాల్సిన వేళకు కరెంటు అంతగా అక్కర్లేదు. ఇంజన్‌ను ఎప్పుడు లేపాలి, ఎంత లోడు మీద నడపాలి, ఎప్పుడు ఆపాలి అని నిర్ణయించేది అల్గారిథమ్. దాన్ని నేరుగా సీడ్ (రొయ్య పిల్లలు) ఉన్న హ్యాచరీ మీద ప్రయోగిస్తే, తప్పు బయటపడేసరికి బ్యాచ్ పోతుంది. అందుకే బెంచ్ మీద, అంటే హ్యాచరీకి కలపకుండా బల్ల మీదే, ముందు పరీక్షించాలి.

ఈ మార్గదర్శి పొడవునా ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఇంజన్ 50 కిలోవాట్ల కరెంటు, 80 కిలోవాట్ల వేడి ఇస్తుంది. గ్యాస్ రూపంలో లోపలికి పోయేది సుమారు 148 కిలోవాట్లు. వేడి నీళ్ళ ట్యాంకు 4,000 లీటర్లు, పైన 85 డిగ్రీలు, అడుగున 40. ఇంజన్ కనీస లోడు 25 కిలోవాట్లు. ఒకసారి లేపితే గంటపాటు ఆపకూడదు. గ్రిడ్‌కు కరెంటు తిరిగి పంపే ఒప్పందం లేదు. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే. వేడిని కూడా కరెంటులాగే యూనిట్లలో లెక్కేద్దాం. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్.

ముందు చేతి లెక్క

కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద నాలుగు అంకెలు తేల్చుకోవాలి. ఇవి లేకుండా సిమ్యులేషన్ చేస్తే వచ్చిన జవాబు తప్పో ఒప్పో పోల్చుకోలేరు.

ట్యాంకులో ఎంత వేడి పడుతుంది? 4,000 కిలోల నీళ్ళు, 45 డిగ్రీల తేడా, కిలోకు డిగ్రీకి 1.163 వాట్ అవర్లు. గుణిస్తే 209 యూనిట్లు. ఎక్కడా వాడకం లేకపోతే 80 కిలోవాట్ల ఇంజన్ ఖాళీ ట్యాంకును 2 గంటల 37 నిమిషాల్లో నింపేస్తుంది.

గంట కనీస పరుగు అంటే పూర్తి లోడు మీద 80 యూనిట్లు, ట్యాంకులో 38 శాతం. కాబట్టి వాడకం లేని వేళ ట్యాంకు 62 శాతం దాటి నిండి ఉంటే ఇంజన్‌ను అసలు లేపకూడదు. ఈ ఒక్క నియమం అల్గారిథమ్‌లో ఉందో లేదో చూస్తే చాలు, సగం తప్పులు దొరికిపోతాయి.

తెల్లవారి నీళ్ళ మార్పిడికి ఎంత కావాలి? 20 టన్నుల సముద్రపు నీటిని 25 నుంచి 31 డిగ్రీలకు తేవాలంటే సుమారు 133 యూనిట్లు. రెండు గంటల్లో చేస్తే 66 కిలోవాట్లు. దానికి తోడు లార్వా ట్యాంకులు చల్లబడకుండా నిలబెట్టడానికి 30 కిలోవాట్లు అనుకుందాం. మొత్తం 96. ఇంజన్ ఇచ్చేది 80. తక్కువ పడే 16 కిలోవాట్లు రెండు గంటలపాటు ట్యాంకు నుంచి రావాలి, అంటే 32 యూనిట్లు. ఇంజన్ లేవకపోతే మాత్రం 193 యూనిట్లు కావాలి, దాదాపు నిండు ట్యాంకు. ఉదయం 6 గంటలకు ట్యాంకులో ఎంత ఉంచాలన్న ప్రశ్నకు జవాబు ఈ 32కూ 193కూ మధ్య ఎక్కడో ఉంది. ఆ చోటు ఎంచుకోవడమే అల్గారిథమ్ చేసే అసలు పని.

మోడల్ కట్టడం

ఇంజన్ మోడల్, అంటే దాని నడకను లెక్కల్లో రాసుకున్న కంప్యూటర్ నకలు, సులువు. పూర్తి, ముప్పావు, సగం లోడు దగ్గర కరెంటు, వేడి, గ్యాస్ ఎంతో తయారీదారు డేటాషీట్‌లో ఉంటాయి. ఆ మూడు బిందువులను గీతతో కలపండి. సగం లోడు దగ్గర వేడి సరిగ్గా సగానికి పడిపోదు, కొంచెం ఎక్కువే మిగులుతుంది. చల్లటి ఇంజన్ లేచిన రెండు మూడు నిమిషాల్లో కరెంటు వస్తుంది గానీ వేడి అంత తొందరగా రాదు. మొదట 5 నిమిషాల ఆలస్యం పెట్టండి, తర్వాత సైట్ కొలతలతో సరిచేయండి.

ట్యాంకు మోడల్ దగ్గరే ఎక్కువ మంది దెబ్బ తింటారు. మొత్తం ట్యాంకును ఒకే ఉష్ణోగ్రత ఉన్న బిందెలా రాసేస్తారు. అలా రాస్తే అడుగు కూడా పైభాగంతో పాటే వేడెక్కుతుంది. ఇంజన్‌లోకి తిరిగొచ్చే నీళ్ళు 70 డిగ్రీలు దాటకూడదన్న పరిమితి ఉంటే, ట్యాంకు 67 శాతం నిండేసరికే మోడల్ ఇంజన్‌ను ఆపేస్తుంది. నిజం ట్యాంకులో వేడి నీళ్ళు పైన, చల్లవి కింద పొరలుగా నిలుస్తాయి. అడుగు చివరి దాకా 40 దగ్గరే ఉంటుంది. కాబట్టి కనీసం 10 పొరలుగా రాయండి, పొరకు 400 లీటర్లు. అయితే ఇది పొరలు నిజంగా నిలిచిన ట్యాంకుకే. పైపు నేరుగా ట్యాంకులోకి చిమ్మేలా పెట్టి, పంపు ఎక్కువ వేగంతో తిప్పితే పొరలన్నీ చెదిరి అది నిజంగానే బిందె అవుతుంది. మన ఉదాహరణలో ట్యాంకు నుంచి ఇంజన్ వైపు ప్రవాహం నిమిషానికి 25 లీటర్లకు కాస్త పైన ఉంటే చాలు. సైట్‌లో 60 నడుస్తుంటే అల్గారిథమ్‌ను కాదు, ముందు పంపును సరిచేయాలి.

ఇంజన్‌లోకి పోయే నీళ్ళు మరీ చల్లగా కూడా ఉండకూడదు. అందుకే మిక్సింగ్ వాల్వు ఉంటుంది. దాన్నీ మోడల్‌లో పెట్టండి. సముద్రపు నీటి వైపు టైటానియం ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్ (వేడి నీళ్ళ నుంచి సముద్రపు నీటికి వేడి దించేది) ఉంటుంది. స్టీలు వాడితే ఉప్పునీటి క్లోరైడ్‌కు గుంటలు పడి కారుతుంది. ప్లేట్ల మీద పాచి, పొర పేరుకునే కొద్దీ వేడి దిగడం తగ్గుతుంది కాబట్టి, కొత్తదానికి ఒకసారి, 30 శాతం తగ్గించి ఒకసారి పరీక్ష నడపాలి.

మోడల్ నమ్మదగిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. ఒక రోజు నడిపి లెక్క సరిచూడండి: ట్యాంకులోకి పోయిన వేడి, బయటికి తీసిన వేడి, గోడల నుంచి పోయిన వేడి, మొదలుకూ చివరకూ నిల్వలో తేడా. ఇవన్నీ కలిపితే 1 శాతం లోపు సరిపోవాలి. సరిపోకపోతే అల్గారిథమ్ జోలికే వెళ్ళొద్దు.

పరీక్ష రోజుల ఎంపిక

సగటు రోజు మీద ఏ అల్గారిథమ్ అయినా పాసవుతుంది. ఈ రోజులు వేరుగా తయారుచేసుకోండి:

• జనవరి చలి రాత్రి, ట్యాంకులన్నీ నిండు సీడ్‌తో.
• నవంబరు వాయుగుండం రోజు. నెల్లూరు జిల్లాకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాల్లోనే, అంటే వేడి అవసరం మొదలయ్యే నెలల్లోనే లైన్లు కూడా తెగుతాయి. గ్రిడ్ ఐదారు సార్లు పోయివచ్చేలా పెట్టండి.
• మే నెల. వేడి దాదాపు అక్కర్లేదు. మంచి అల్గారిథమ్ ఇక్కడ ఇంజన్‌ను ఎక్కువసేపు ఆపి ఉంచుతుంది. కరెంటు కోసం నడిపి వేడినంతా రేడియేటర్‌లో పారబోస్తే అది ఫెయిలే.
• సీడ్ ప్యాకింగ్ రోజు. పంపులు, లైట్లు ఎక్కువ, ట్యాంకులు ఖాళీ అవుతుంటాయి కాబట్టి వేడి తక్కువ.
• డ్రై అవుట్ (బ్యాచ్‌ల మధ్య ట్యాంకులన్నీ ఖాళీ చేసి ఆరబెట్టడం) తర్వాత మొదటిసారి అన్ని ట్యాంకులూ నింపే రోజు.

కొలతలు నిమిషానికొకటి ఉండాలి. కరెంటు బిల్లు కోసం తీసే 15 నిమిషాల సగటులో పంపు లేచిన, పడిన దెబ్బలు కనబడవు. ప్రతి రోజునూ వరసగా మూడుసార్లు నడిపి మొదటిదాన్ని వదిలేయండి, ఎందుకంటే ట్యాంకు ఏ స్థితిలో మొదలైందన్న ప్రభావం అందులో ఉంటుంది.

దేనితో పోల్చాలి

పోల్చడానికి కింద ఒకటి, పైన ఒకటి కావాలి. కింద పెట్టేది పాత పద్ధతి: పైభాగం సెన్సర్ 65 కంటే తగ్గితే ఇంజన్ ఆన్, అడుగు సెన్సర్ 70 తాకితే ఆఫ్. పైన పెట్టేది రేపటి వాడకం అంతా ముందే తెలిసిన ఊహా అల్గారిథమ్. నిజంలో అలాంటిది ఉండదు గానీ, ఎంత మేలు సాధ్యమో అది చెబుతుంది. ఈ రెండింటి మధ్య ఖర్చులో తేడా 3 శాతమే వస్తే, వాతావరణ అంచనాలు తెచ్చి లోపల కుక్కడం దండగ. పాత పద్ధతిలోనే ట్యాంకు సెన్సర్లు సరిగ్గా పెట్టుకోండి.

కొలవాల్సినవి: రోజుకు ఎన్నిసార్లు లేచింది, ఎన్ని గంటలు నడిచింది, గ్రిడ్ నుంచి ఎన్ని యూనిట్లు, మ్యాగ్జిమం డిమాండ్ (గ్రిడ్ నుంచి లాగిన గరిష్ఠ లోడు) ఎంత, బ్యాకప్ బాయిలర్ ఎంత కాలింది, ఎంత వేడి పారబోశాం, లార్వా ట్యాంకు నీళ్ళు టెక్నీషియన్ ఇచ్చిన హద్దు కంటే ఎన్ని నిమిషాలు తగ్గాయి. చివరిదాంట్లో తేడా వస్తే మిగతావన్నీ ఎంత బాగున్నా ఫెయిలే.

ఒక మోసం గమనించండి. రోజు మొదట్లో ట్యాంకు 80 శాతం, చివర్లో 20 శాతం ఉంటే 126 యూనిట్ల వేడి ఊరికే వచ్చినట్టు లెక్కలో చేరుతుంది. ఆ తేడాను తిరిగి నింపడానికి అయ్యే గ్యాస్‌ను కలిపాకే ఖర్చు పోల్చాలి. డిస్కం (కరెంటు సరఫరా కంపెనీ) టారిఫ్ ఆర్డర్‌లోని టైమ్ ఆఫ్ డే స్లాట్లను, అంటే వేళను బట్టి మారే రేట్లను, ఒక పట్టికగా బయట పెట్టండి, కోడ్‌లో అంకెలుగా రాయొద్దు. టారిఫ్ ఏటా మారుతుంది.

అంచనాను కావాలని చెడగొట్టి కూడా నడపాలి. వాడకం 30 శాతం ఎక్కువ, 30 శాతం తక్కువ. నీళ్ళ మార్పిడి చెప్పకుండా రెండు గంటలు ముందుకు. హ్యాచరీలో ఈ మూడోది తరచూ జరిగేదే. జబ్బు సూచన కనబడితే టెక్నీషియన్ గడియారం చూడడు.

మొదటి దశ: కోడ్ ఒక్కదాన్నే

ప్లాంటును నడిపే కంట్రోలర్ అయిన పీఎల్‌సీలోకి ఎక్కించబోయే అదే కోడ్‌ను కంప్యూటర్‌లో మోడల్‌తో కలిపి వేగంగా నడపండి. "లాజిక్ ఇదే కదా" అని వేరే భాషలో మళ్ళీ రాసి పరీక్షిస్తే మీరు పరీక్షించింది మరొకదాన్ని. కోడ్ లోపల సిస్టమ్ గడియారాన్ని నేరుగా చదవకూడదు, సమయాన్ని ఒక ఇన్‌పుట్‌గా తీసుకోవాలి. లేకపోతే వేగం పెంచగానే టైమర్లన్నీ తప్పుతాయి.

కోడ్ రెండు అంతస్తులుగా ఉండాలి. పైది 15 నిమిషాలకోసారి రాబోయే 24 గంటలకు ప్లాన్ వేస్తుంది. కిందిది సెకనుకోసారి ఆ ప్లాన్ ఇప్పుడు సాధ్యమా అని చూసి స్టార్ట్, స్టాప్, ఎన్ని కిలోవాట్ల మీద నడవాలన్న సెట్‌పాయింట్ ఇస్తుంది. ఓవర్ టెంపరేచర్, గ్యాస్ వాల్వు, ఎమర్జెన్సీ స్టాప్ ఈ రెండింటిలోనూ ఉండకూడదు. అవి వైరింగ్‌తో విడిగా, ఇంజన్ సొంత కంట్రోలర్‌లో ఉండాలి. పై అంతస్తును పూర్తిగా ఆపేసి ఒక రోజు నడపండి. కిందిది పాత ఆన్-ఆఫ్ పద్ధతికి దానంతట అదే దిగిపోవాలి.

రెండో దశ: నిజం ప్యానెల్, నకిలీ ప్లాంటు

ఇప్పుడు అసలు పీఎల్‌సీని బల్ల మీద పెట్టి, దాని టెర్మినళ్ళకు మోడల్ నడిచే కంప్యూటర్‌ను కలుపుతాం. కావాల్సినవి: సెన్సర్ల బదులు సిగ్నల్ ఇవ్వడానికి కనీసం 8 అనలాగ్ అవుట్‌పుట్లు, ట్యాంకుకు 5, ఇంజన్ లూప్‌కు 2, లార్వా లైన్‌కు 1. ఇంకా 8 డిజిటల్ అవుట్‌పుట్లు, అంతే ఇన్‌పుట్లు, ఎనర్జీ మీటరు కోసం ఒక ఆర్‌ఎస్485 పోర్టు. ఖరీదైన టెస్ట్ బెంచ్ అక్కర్లేదు, రిమోట్ ఐఓగా, అంటే సిగ్నళ్ళు ఇచ్చిపుచ్చుకోవడానికి, వాడే రెండో చిన్న పీఎల్‌సీ చాలు. మోడల్ సెకనుకు ఒక అడుగు వేస్తుంది. ఇక్కడ వేగం పెంచడం కుదరదు, మూడు రోజుల పరీక్షకు మూడు రోజులే. అందుకే మొదటి దశలో కష్టంగా పాసైన ఎనిమిదో పదో పరీక్షలనే ఇక్కడికి తెండి.

సెన్సర్ సిగ్నల్ 0 నుంచి 100 డిగ్రీలకు 4–20 మిల్లీయాంప్ అయితే 60 డిగ్రీలకు 13.6, 85కు 17.6 రావాలి. పీటీ100 (వేడిని బట్టి ఓమ్‌లు మారే సెన్సర్) నేరుగా కలిపే కార్డు అయితే డికేడ్ బాక్సు (కావాల్సినన్ని ఓమ్‌లు పెట్టుకునే పెట్టె) పెట్టండి. 60 డిగ్రీలకు 123.24 ఓమ్‌లు, 70కి 127.08, 85కు 132.80. ఇక్కడ ఒక చిన్న విషయం పెద్ద నష్టం చేస్తుంది. పీటీ100కు రెండే వైర్లు వేసి ప్యానెల్ 20 మీటర్ల దూరంలో ఉంటే, ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ పోనూ రానూ 40 మీటర్లకు సుమారు 0.7 ఓమ్‌లు కలుపుతుంది. అంటే దాదాపు 2 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. ఐదు సెన్సర్లూ అలాగే ఉంటే ట్యాంకులో లేని 9 యూనిట్ల వేడి ఉన్నట్టు అల్గారిథమ్ నమ్ముతుంది. మూడు వైర్లు వేయండి. సెన్సర్‌ను గొట్టంలోకి దించేటప్పుడు థర్మల్ పేస్టు పెట్టండి, లేకపోతే రీడింగ్ నిమిషాల తరబడి వెనకబడుతుంది.

ఎనర్జీ మీటరు మోడ్‌బస్ (అంకెలను వైరు మీద పంపే పద్ధతి) మీద ఉంటే రెండు తప్పులు తప్పకుండా వెతకాలి. ఒకటి, 32 బిట్ల అంకెలో రెండు ముక్కలు తారుమారై రావడం. 50 కిలోవాట్ల బదులు అర్థం లేని అంకె కనబడుతుంది కాబట్టి ఇది తేలిగ్గా దొరుకుతుంది. రెండోది సీటీ (మీటరుకు కరెంటును కొలిచి ఇచ్చే కాయిల్) తిరగబడి ఉండటం. ఇది దొరకదు, ఎందుకంటే అంకె సరిగ్గానే ఉంటుంది, గుర్తు మాత్రమే మారుతుంది. గ్రిడ్ నుంచి తీసుకుంటున్న కరెంటును పంపుతున్నట్టు చదివి అల్గారిథమ్ ఇంజన్‌ను తగ్గిస్తుంది, దాంతో గ్రిడ్ నుంచి ఇంకా ఎక్కువ తీసుకుంటుంది, మళ్ళీ తగ్గిస్తుంది. బెంచ్ మీద గుర్తు కావాలని మార్చి, "ఇంజన్ లోడు తగ్గించినా ఎక్స్‌పోర్ట్ (గ్రిడ్‌కు పోయే కరెంటు) తగ్గలేదు" అన్న అలారం 2 నిమిషాల్లో వస్తుందో లేదో చూడండి.

15 కిలోవాట్ల పంపు ఆగినప్పుడు

ఈ ఒక్క సందర్భాన్ని విడిగా, ఓపిగ్గా పరీక్షించాలి. హ్యాచరీ బేస్ లోడు 35, సముద్రపు నీటి పంపు 15, మొత్తం 50 అనుకోండి. ఇంజన్ 47 మీద ఉంది, గ్రిడ్ నుంచి 3 తీసుకుంటున్నాం. పంపు ఠక్కున ఆగింది. ఒక్క క్షణంలో 12 కిలోవాట్లు గ్రిడ్ వైపు పారతాయి. ఇంజన్ సెకనుకు అర కిలోవాట్ చొప్పున దిగుతుంటే 24 సెకన్లు పడుతుంది. రివర్స్ పవర్ రిలే (కరెంటు గ్రిడ్ వైపు పారితే బ్రేకర్‌ను పడేసేది) 5 సెకన్లకు పెట్టి ఉంటే బ్రేకర్ పడిపోతుంది. ఇంజన్ ఆగుతుంది, గంట కనీస పరుగు మాట అటుంచి వేడి కూడా పోతుంది.

రిలే టైమ్ పెంచేద్దాం అనిపిస్తుంది. అది డిస్కం ఆమోదించిన సెట్టింగ్, ముట్టుకోవద్దు. సరైన దారి, పంపు ఆపే ఆజ్ఞ కూడా ఇదే పీఎల్‌సీ ద్వారా పోవాలి. ముందు ఇంజన్‌ను 32కు దించాలి, దిగిందని ఫీడ్‌బ్యాక్ వచ్చాకే పంపు ఆపాలి. ఎవరైనా స్టార్టర్ దగ్గర ఎర్ర బటన్ నొక్కేస్తే మాత్రం ట్రిప్ తప్పదు. అప్పుడు మళ్ళీ లేచే క్రమం సరిగ్గా ఉందో పరీక్షించండి: మూడు ప్రయత్నాలు, తర్వాత లాకౌట్ (ఇక దానంతట అది లేవకుండా ఆపడం), బాయిలర్‌కు పిలుపు.

గ్రిడ్ పోయినప్పుడు ఇంజన్ ఒంటరిగా మోయాల్సి వస్తుంది. అప్పుడు కష్టం ఇందుకు వ్యతిరేకం. 15 కిలోవాట్ల మోటారును డైరెక్ట్‌గా లేపితే దాదాపు 170 యాంపియర్లు, అంటే 120 కేవీఏ లాగుతుంది. మన జనరేటర్ సెట్ 62.5 కేవీఏ. వోల్టేజీ కూలి నడుస్తున్న బ్లోయర్ల కాంటాక్టర్లు (మోటారు స్విచ్‌లు) కూడా జారిపోతాయి. సెకనుకు ఒక అడుగు వేసే మన మోడల్‌కు ఇది కనబడదు. మోటారును మెల్లగా లేపే సాఫ్ట్ స్టార్టరో వీఎఫ్‌డీయో ఉందని నిర్ధారించుకుని, బెంచ్ మీద ఒక్కటే చూడండి: గ్రిడ్ లేనప్పుడు ఒకేసారి రెండు మోటార్లకు ఆజ్ఞ పోకూడదు.

కావాలని చెడగొట్టడం

ఒక్కో లోపాన్నీ ఇంజన్ ఆగి ఉన్నప్పుడు, నడుస్తున్నప్పుడు, సరిగ్గా లేస్తున్నప్పుడు అని మూడుసార్లు చేయండి. మూడోదే ఎక్కువగా బయటపెడుతుంది.

సెన్సర్ వైరు తెగడం: 3.6 మిల్లీయాంప్ కంటే తగ్గితే లోపంగా గుర్తించాలి, పక్క రెండు సెన్సర్ల సగటుతో నడవాలి. సున్నా డిగ్రీలుగా చదివితే ట్యాంకు చల్లబడిందనుకుని ఇంజన్ లేపేస్తుంది.

సెన్సర్ ఒక అంకె దగ్గర అతుక్కుపోవడం: పైభాగం 72 దగ్గర స్థిరంగా పెట్టి ట్యాంకును ఖాళీ చేయండి. ఇది తెగడం కంటే ప్రమాదం, అంకె నమ్మదగినట్టు ఉంటుంది కాబట్టి. హీట్ మీటరు లెక్క ప్రకారం 40 యూనిట్లు బయటికి పోయినా సెన్సర్ కదలకపోతే అలారం రావాలి.

పంపు నడుస్తున్నట్టు ఫీడ్‌బ్యాక్ వచ్చి నీళ్ళు కదలకపోవడం: కాంటాక్టర్ ఫీడ్‌బ్యాక్‌ను నమ్మి కూర్చుంటే ఇంజన్ హై టెంపరేచర్ మీద ట్రిప్ అవుతుంది. ఫ్లో స్విచ్ లేదా ఇన్-అవుట్ తేడా చూడాలి.

గడియారం మొదటికి రావడం: పీఎల్‌సీ బ్యాటరీ అయిపోయి కరెంటు పోతే తేదీ ఎప్పటికో వెళ్ళిపోతుంది. చలికాలం ప్లాన్‌కు బదులు వేరే నెల ప్లాన్ వేస్తుంది. తేదీ నమ్మదగింది కాకపోతే పై అంతస్తు పక్కకు తప్పుకోవాలి.

ఇంటర్నెట్ మూడు రోజులు లేకపోవడం, ఇంజన్ నడుస్తుండగా గ్యాస్ ప్రెషర్ పడిపోవడం కూడా ఈ జాబితాలో ఉంటాయి, వీటికి కొత్తగా చెప్పేదేమీ లేదు.

హ్యాచరీలోకి

మొదటి రెండు వారాలు అల్గారిథమ్ చూస్తుంది, నిర్ణయిస్తుంది, రాసుకుంటుంది. ఇంజన్‌ను మాత్రం పాత పద్ధతే నడుపుతుంది. రెండింటి నిర్ణయాలు ఎక్కడ వేరయ్యాయో ప్రతి ఒక్కటీ విడిగా చదవండి. "ఎందుకు లేపాలనుకుంది" అన్నదానికి లాగ్‌లో కారణం ఉండాలి. కారణం కోడ్ లేని లాగ్ చదవడం చీకట్లో సూది వెతకడమే.

నిజంగా అప్పగించేది డ్రై అవుట్ సమయంలో, ట్యాంకుల్లో సీడ్ లేనప్పుడు, పగటి పూట. బాయిలర్ వేడిగా సిద్ధంగా ఉండాలి, లార్వా లైన్‌కు దాని సొంత థర్మోస్టాట్ ఉండాలి. ప్యానెల్ మీద ఆటో, పాత పద్ధతి, మాన్యువల్ అని మూడు స్థానాల తాళపు స్విచ్ పెట్టండి, రాత్రి డ్యూటీ అతనికి తిప్పడం నేర్పండి. ఆ తర్వాత మొదటి బ్యాచ్ మొత్తం, సుమారు మూడు వారాలు, మోడల్‌ను కూడా పక్కన నడుపుతూ ఉండండి. ట్యాంకులో వేడి విషయంలో మోడల్‌కూ నిజానికీ 10 శాతం కంటే ఎక్కువ తేడా వస్తే సాధారణంగా మూడే కారణాలు: ఇన్సులేషన్ తడిసింది, పంపు వేగం ఎవరో మార్చారు, లేదా టైటానియం ప్లేట్లు మూసుకుపోతున్నాయి. మూడోదైతే వేడి నీళ్ళు తిరిగొచ్చే ఉష్ణోగ్రత రోజురోజుకూ కొద్దికొద్దిగా పెరుగుతుంది. 40 ఉండాల్సింది 48 అయిందంటే బ్యాచ్‌ల మధ్య ప్లేట్లు విప్పి కడిగించండి. 85 నుంచి 48 దాకానే వాడుకోగలిగితే 4,000 లీటర్ల ట్యాంకులో 209 యూనిట్లు కాదు, 172 మాత్రమే పడతాయి. అల్గారిథమ్‌లో ఉన్న ట్యాంకు సామర్థ్యం అంకెను కడిగేదాకా అంతకు తగ్గించి ఉంచండి.